కూలిన ఇళ్ల కొయ్యతో వెన్నెల తోట

తలుపు దాటిన మరుక్షణం ఏమీ కనిపించదు.

న్యూయార్క్, 1958 జనవరి. కోటు మీద వీధి చలి ఇంకా అంటుకునే ఉంది. గ్యాలరీ అంటే తెల్లగోడలు, గోడకో బొమ్మ, బొమ్మకో దీపం ఉంటాయనుకుని వచ్చారు మీరు. ఈ గ్రాండ్ సెంట్రల్ మోడర్న్స్ గ్యాలరీలో మాత్రం ఎవరో దీపాలార్పి తాళం వేయడం మరిచిపోయినట్టుంది. ఎక్కణ్నుంచో నీలంగా ఒక మసక వెలుగు. దాన్ని నమ్ముకుని ఒక అడుగు వేస్తారు, ఆగిపోతారు. ఎదురుగా ఏదో ఉంది. గోడా? బీరువాలా? తలెత్తి చూస్తే అది ఇంకా పైకి పోతూనే ఉంది.

చీకటికి మనిషి కళ్లు పూర్తిగా అలవాటు పడాలంటే 20 నిమిషాల పైనే పడుతుంది. తొందరపడి వెళ్లిపోయేవాళ్లకు ఇక్కడ దొరికేదేమీ లేదు కాబట్టి నిలబడండి. ముందు అంచులు తేలతాయి. ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత, మళ్లీ నిలువు గీత. పెట్టెలవి. ఒకదాని మీదొకటి, ఒకదాని పక్కనొకటి, కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. మూతల్లేని ముఖాలన్నీ మీ వైపే తిరిగి ఉన్నాయి. ఆ తర్వాత పెట్టెల లోపల వంపులు, గుండ్రాలు, మొనలు కనిపిస్తాయి. అన్నీ నలుపే. పెట్టె నలుపు, లోపలున్నది నలుపు, రెండింటి మధ్య సందు కూడా నలుపే. ఏది వస్తువో, ఏది దాని నీడో తేలదు. పండక్కి మెట్లు కట్టి పేర్చిన బొమ్మల కొలువు ముందు నిలబడితే ఇది రాముడు, ఇది పెళ్లికొడుకు అని పిల్లలు కూడా వేలు పెట్టి చెబుతారు. ఇక్కడ ఎత్తిన వేలు గాల్లోనే ఆగిపోతుంది.

ఈ చీకటి గదికి ‘మూన్ గార్డెన్ + వన్’ అని పేరు. వెన్నెల తోట అనుకోండి. దీన్ని పేర్చిన శిల్పి లూయీజ్ నెవెల్సన్‌కు అప్పుడు 58 ఏళ్లు.

ఇంకాస్త దగ్గరికి జరగండి. ముక్కు పెట్టెకు తగిలేంత దగ్గరికి. ఒక అరలో సన్నగా మొదలై నడుమ ఉబ్బి మళ్లీ సన్నబడిన కొయ్య. చూసీ చూడగానే చెయ్యి గుర్తుపడుతుంది, కళ్లకంటే ముందు: మెట్లెక్కేటప్పుడు పట్టుకునే రెయిలింగు కింద వరసగా నిలబడే కోడు అది. పక్క అరలో కుర్చీ కాలు. దాని మీద తలుపు చుట్టూ కొట్టే నగిషీ చెక్క ముక్క. ఇంకో చోట మంచం కోడు పైనుండే గుబ్బ. మరోచోట పీపా చెక్క, దాని ఒంపుతో సహా. గుర్తుపట్టామని సంబరపడి ఒక అడుగు వెనక్కి వేశారో లేదో, కుర్చీ కాలు మాయమైపోతుంది. అక్కడ మళ్లీ ఒక నల్లటి నిలువు గీత, దాని పక్కన ఒక లోతు. అంతే.

ఆమె చేసిన అసలు పని ఈ ఒక్క అడుగు దూరంలో ఉంది. పారేసిన వస్తువులతో చేసిన కళ గురించి ఎవరు రాసినా చెత్తకు గౌరవం ఇచ్చారనో, వ్యర్థానికి ప్రాణం పోశారనో రాస్తారు. నెవెల్సన్ గోడల ముందు ఆ మాట నాకు అతకదు. ఆమె ఆ కుర్చీ కాలును గౌరవించలేదు. దాని పేరు తీసేసుకుంది. ఇది ఎవరింటిది, ఎవరు కూర్చున్నది అని మనం అడగకుండా నోరు మూయించింది. జాలి పుట్టించే వీలున్న సామాను చేతిలో పెట్టుకుని జాలికి చోటివ్వకపోవడం చిన్న విషయం కాదు.

ఆ సామాను ఎక్కడిదో చూడాలంటే గ్యాలరీ వదిలి కొన్నేళ్లు వెనక్కి నడవాలి.

ఈస్ట్ 30వ వీధి, 1950ల నడిమి కాలం, ఇంకా తెల్లవారలేదు. చెత్త లారీలు రాకముందే వెళ్లాలి. కాస్త దూరం నడిస్తే మూడో అవెన్యూ. దశాబ్దాల తరబడి ఆ వీధి నెత్తిన ఇనుప స్తంభాల మీద రైలు నడిచేది. 1955లో ఆపేశారు, ఆ వెంటనే విప్పడం మొదలుపెట్టారు. స్తంభాలు పోయాక రోడ్డు మీద ఎండ పడింది, ఎండ పడ్డాక స్థలాల ధర పెరిగింది, ధర పెరిగాక పాత ఇళ్లు కూలడం మొదలైంది. దానికి తోడు 1949 నాటి గృహనిర్మాణ చట్టం. మురికివాడ అని ముద్ర వేసిన పేటను నేలమట్టం చేసి కొత్తగా కట్టేందుకు కేంద్రం డబ్బిచ్చేది. ఆ డబ్బును దేశంలో అందరికంటే జోరుగా వాడుకున్న నగరం న్యూయార్క్, వాడిన మనిషి రాబర్ట్ మోజెస్. వీధులకు వీధులే నేలమట్టమయ్యాయి.

ఇటుకల ఇల్లు కూలితే ఇటుకలు లారీల్లో పోతాయి. మెట్ల కోళ్లు, కిటికీ చట్రాలు, తలుపు రెక్కలు, గోడ అంచుల నగిషీ, కిందపడి విరిగిన అలమరలు ఫుట్‌పాత్ పక్కన కుప్పగా మిగులుతాయి. వీటిలో చాలావరకు ఏ వడ్రంగో ఒంటరిగా కూర్చుని చెక్కినవి కావు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆవిరి యంత్రాల మిల్లులు లేతు మీద తిప్పి వేలకు వేలు తీసినవి. అందుకే ఒక వీధిలో దొరికిన కోడు, నాలుగు వీధుల అవతల దొరికిన కోడు కవల పిల్లల్లా ఉండొచ్చు. నెవెల్సన్ గోడల్లో ఒకే ఆకారం అయిదు సార్లు, పది సార్లు వరసగా వచ్చి తాళం వేసినట్టుంటుంది. ఆ తాళం సగం ఆ మిల్లులదే. ఈ సంగతి ఆమె మీద రాసేవాళ్లు ఎందుకో పెద్దగా పట్టించుకోరు.

ఇప్పుడు ఆమె వెనక నడవండి. చేతిలో చిన్న బండి. కుప్ప దగ్గర ఆగుతుంది, ఒకటి తీస్తుంది, తిప్పి చూస్తుంది, పక్కన పెడుతుంది. ఇంకోటి తీస్తుంది, బండిలో వేస్తుంది. ఏది ఎందుకు నచ్చిందో చూస్తున్న మీకు అంతుపట్టదు. మంచి చెక్కే కావాలని లేదు. టేకా, పైనా అని చూడదు. నగిషీ చెడకుండా ఉండాలనీ లేదు. విరిగిన చోట అంచు ఎలా ఉందో మాత్రం చూస్తుంది. ఇంటి సామానే కాదు, తుపాకీ మడమ, టోపీలు తయారుచేసే కొయ్య అచ్చు, చివరికి కమోడు మీది చెక్క కూడా ఆ తర్వాత్తర్వాత ఆమె పెట్టెల్లోకి చేరాయి. దేవాలయాల పేర్లు పెట్టిన గోడల్లో ఈ చివరి వస్తువు ఎక్కడుందో వెతకడం నాకొక సరదా. దొరికితే నవ్వొస్తుంది, రెండు క్షణాలు చూస్తే నవ్వు పోతుంది. అదొక మంచి సున్నా, అంతే.

బండి 323వ నంబరు ఇంటి ముందు ఆగుతుంది. ఆమె 1940ల నడుమ కొన్న ఇల్లు. లోపల మనుషులు కూర్చునే చోటు కంటే కొయ్య పేర్చిన చోటే ఎక్కువ. గోడల వెంట కుప్పలు, నేల మీద కుప్పలు, నడిచేందుకు సందులు. ఆకారాలు మనసులో ఉంచుకుని వెతుక్కునే మనిషికి ఇది చిందరవందర కాదు, అక్షరమాల. మేకులు, సుత్తి, జిగురు, రంపం, నల్లరంగు డబ్బాలు. ఉలి పెద్దగా కనిపించదు. చెక్కడం ఆమె పని కాదు. అప్పటికే ఎవరో చెక్కేశారు. ఏది ఎక్కడ పెట్టాలన్నదొక్కటే తన పని. కాగితం మీద ముందస్తు బొమ్మ వేసుకోదు, కొలతలు రాసుకోదు. ముక్కలకు నలుపు ముందే పట్టించి ఆరబెడుతుంది, ఆరినవాటిని తీసి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తుంది, మేకు కొడుతుంది. మళ్లీ చూసి పీకేసి వేరేచోట కొట్టడమూ మామూలే.

రంగు ముందు వేయడంలో కిటుకుంది. పాత ఇంటి సామాను అంటే చెక్క రంగు ఒక్కటే కాదు. ఒకదానికి వార్నిష్, ఒకదానికి పెచ్చులూడిన ఆకుపచ్చ పెయింటు, ఒకదాని మీద చేతుల జిడ్డు. వాటిని అలాగే పేరిస్తే కన్ను రంగుల వెంట పరిగెడుతుంది, ఒక్కో ముక్కా తన కథ చెప్పుకోవడం మొదలుపెడుతుంది. మెరుపు లేని నలుపు వేస్తే ఆ కథలన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఇక మిగిలేది ఆకారం, దాని లోతు. మెరుపు లేని నలుపు వెలుతురును పెద్దగా తిరిగి పంపదు గనక ముక్క ఎక్కడ ముగిసి నీడ ఎక్కడ మొదలైందో చూపుకు చిక్కదు. కొయ్యతో సమానంగా నీడ కూడా సామాను అయిపోతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా. నలుపు అంటే రంగు లేకపోవడం కాదు, అన్ని రంగుల్నీ తనలో కలుపుకున్నదని ఆమె జీవితమంతా చెబుతూ వచ్చింది. తనను తాను నీడల నిర్మాతగా చెప్పుకునేది కూడా. గొప్పలు చెప్పుకోవడంలో ఆమె ఎవరికీ తీసిపోదు; ఈ ఒక్క గొప్ప మాత్రం నిజం.

కొయ్యతో ఆమె పరిచయం ఈ వీధిలో మొదలైంది కాదు. 1899లో కీవ్‌కు దగ్గరలోని పెరెయాస్లావ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. అప్పుడది రష్యా సామ్రాజ్యం, ఇప్పుడు ఉక్రెయిన్. అసలు పేరు లియా బెర్లియావ్‌స్కీ. తండ్రి ముందు వెళ్లి స్థిరపడ్డాక 1905లో తల్లీ పిల్లలూ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో రాక్‌లాండ్ అనే సముద్రతీరపు ఊరికి చేరారు. తండ్రి కట్టెలు కొట్టాడు, పాతసామాన్లు కొన్నాడు, తర్వాత కలప అడితి పెట్టాడు. ఆమె పనికి ఇదే మూలమని చెప్పేస్తే కథ చాలా సులువుగా కుదిరిపోతుంది; కానీ ఆ అడితికీ ఈ గోడలకూ మధ్య యాభై ఏళ్లున్నాయి. 1920లో పెళ్లయి న్యూయార్క్ వచ్చింది. భర్త చార్ల్స్ నెవెల్సన్‌ది ఓడల వ్యాపారం. 1922లో కొడుకు. 1931లో కాపురం వదిలి మ్యూనిక్‌లో చిత్రకారుడు హాన్స్ హాఫ్‌మన్ దగ్గర చదువుకోవడానికి పోయింది. 1933లో మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా కుడ్యచిత్రాలకు సహాయకురాలు. ఆ తర్వాత మట్టి, ప్లాస్టరు, రాయి అన్నీ పట్టింది. ఏదీ పూర్తిగా తనది కాలేదు.

ఇక్కడొక పక్కకథ చెప్పక తప్పదు. 1942 చివర, యుద్ధకాలం. న్యూయార్క్‌లో జో మిలోన్ అనే ఒకాయన బూట్లు పాలిష్ చేసేవాడు, సిసిలీ నుంచి వచ్చినవాడు. తన పాలిష్ పెట్టెను ఉత్తుత్తి నగలు, గుబ్బలు, గంటలు, దొరికిన ప్రతి మెరుపు వస్తువుతో దేవుడి రథంలా ముస్తాబు చేసుకున్నాడు. అది నెవెల్సన్ కంటపడింది. ఊరుకోకుండా తీసుకెళ్లి మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వాళ్లకు చూపించింది. డైరెక్టర్ ఆల్‌ఫ్రెడ్ బార్ మురిసిపోయి క్రిస్మస్‌కు దాన్ని మ్యూజియం ముందు హాల్లో పెట్టించాడు. ధర్మకర్తల పెద్ద స్టీఫెన్ క్లార్క్ మండిపడ్డాడు. మరుసటి ఏడాది బార్ ఆ పదవి పోగొట్టుకోవడానికి ఉన్న కారణాల్లో ఈ పాలిష్ పెట్టె కూడా ఒకటని కళాచరిత్రలో చెప్పుకుంటారు. ఊహించుకోండి: ఖరీదైన బూట్లతో హాల్లోకి వచ్చిన పెద్దమనుషులు, ఆ బూట్లు తుడిచే పెట్టె గాజు దీపాల కింద నిలబడి ఉండటం చూసి ఆగిపోవడం.

ఆ మరుసటి ఏడు, 1943 వసంతం. ఇప్పుడు మీరు నార్లిస్ట్ గ్యాలరీలో ఉన్నారు. కాలి కింద ఇసుక, ఇసుకలో గోళీలు. గోడల మీద పాత సర్కస్ పోస్టర్లు. మధ్యలో దొరికిన కొయ్యతో, అవతల పారేసిన సామానుతో చేసిన విదూషకుడు, జంతువులు, చూడ్డానికి వచ్చిన జనం. ‘సర్కస్: విదూషకుడే తన లోకానికి కేంద్రం’ అని పేరు. బొమ్మను పీఠమెక్కించి చుట్టూ జనాన్ని నిలబెట్టడం కాకుండా, నేలతో గోడతో సహా ఒక చోటునే తయారుచేయడం ఆమెకు ఇక్కడ మొదలైంది. ఇది వెన్నెల తోటకు పదిహేనేళ్ల ముందు సంగతి. నల్లరంగు ఇంకా రాజ్యం చేయలేదు. కాస్త అల్లరి, కాస్త సర్రియలిస్టుల గాలి. ఆ గ్యాలరీ నడిపినవాళ్లలో సర్రియలిస్టు చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ కొడుకు జిమ్మీ ఒకడన్నది గుర్తుంచుకోవాలి. ఒక్కటీ అమ్ముడుపోలేదు. ప్రదర్శన అయిపోయాక చాలావాటిని ఆమే విరగ్గొట్టేసింది. ఈ రోజు ఆ సర్కస్ చూడాలంటే ఫోటోలే గతి.

విరగ్గొట్టడం ఆమెకు కోపం వచ్చినప్పటి పని మాత్రమే కాదు, అలవాటు కూడా. పాత పనిని విప్పి ముక్కలు కొత్త పనిలో వేసుకునేది. వీధి కుప్పను ఎలా చూసేదో తన సొంత శిల్పాన్నీ అలాగే చూసేది.

నడుమ ఒక పొడుగాటి మౌనం, ఆ తర్వాత 1950ల మొదట్లో మెక్సికో, గ్వాటెమాలా ప్రయాణాలు. గ్వాటెమాలాలోని క్విరిగ్వాలో మాయా రాజులు ఎనిమిదో శతాబ్దంలో నిలబెట్టిన శిలలున్నాయి; వాటిలో పెద్దది 10 మీటర్లకు పైబడిన ఒంటిరాయి, నేల పైన కనిపించేదంతా చెక్కడమే. మీరు ఎదురుగా నిలబడితే ఆ రాళ్లు మీకు ఎదురుగా నిలబడతాయి. పిరమిడ్ల మెట్లు, గుడి ముఖద్వారాలు కూడా అంతే. తిరిగొచ్చాక ఆమె కొయ్య నిటారుగా లేవడం మొదలుపెట్టింది.

1955 నుంచి ఏటా ఒక ప్రదర్శన, అదే గ్రాండ్ సెంట్రల్ మోడర్న్స్‌లో, దాన్ని నడిపే కొలెట్ రాబర్ట్స్ అనే సమర్థురాలి అండతో. ఒకసారి ‘పురాతన క్రీడలు, పురాతన ప్రదేశాలు’. తర్వాతి ఏడు ‘రాచ ప్రయాణం’. 1957లో ‘అడవి’. ప్రతిసారీ శిల్పాలన్నీ కలిపి ఒకే కథలో పాత్రలు, గది మొత్తం ఒక రంగస్థలం. మొదట్లో బల్ల మీద పరిచిన నల్లటి ఊళ్లలా ఉండే కొయ్యలు, ఏడాది ఏడాదికీ ఎత్తు పెరుగుతూ వచ్చాయి. వాటిలో ‘మొదటి మనిషి’ అని చెప్పదగ్గ ‘ఫస్ట్ పర్సనేజ్’ 1956 నాటిది, ఇప్పుడు బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. ముందు నుంచి చూస్తే నున్నటి నల్లపలక, మనిషంత ఎత్తుకు పైనే, ముఖం లేని ఆకారం. పక్కకు వెళ్లండి. పలక వెనక దాక్కుని ఇంకో స్తంభం, దాని నిండా ముళ్లలా పొడుచుకొచ్చిన కొయ్య ముక్కలు. సభలో నవ్వుతూ నిలబడ్డ మనిషి వెనక అతని నరాలన్నీ నిలబడ్డట్టు. దీన్ని ఆకురాయితో నునుపు చేస్తున్నప్పుడు, నోరుండాల్సిన చోట కొయ్యలో ఉన్న ముడి కదిలినట్టు అనిపించి భయపడ్డానని ఆమె తర్వాత చెప్పుకుంది. శిల్పులు చెప్పే ఇలాంటి కథల్ని నేను సాధారణంగా పక్కన పెడతాను. ఆ పలక ముందు ఒంటరిగా నిలబడ్డాక దీన్ని మాత్రం పెట్టలేకపోయాను.

ఇక పెట్టె. ఒక క్రిస్మస్‌కు ఎవరో మద్యం సీసాల పెట్టె బహుమతిగా పంపారట. సీసాలకు సీసాలు తగలకుండా లోపల అరలు. ఆ అరల్లో ఆమెకు దారి దొరికిందని చెప్పుకుంటారు. ఒక్క పెట్టెతో ఇంత జరిగిందా అన్నది అలా ఉంచండి. పెట్టె వల్ల జరిగింది మాత్రం చాలా పెద్దది. అంతకుముందు ముక్కల్ని నిలబెట్టాలంటే ఒకదానికొకటి ఆనించాలి, బరువు చూసుకోవాలి. పెట్టె వచ్చాక ప్రతి ముక్కకూ ఒక ఇల్లు, ఇంటికో చీకటి దొరికాయి. పెట్టె మీద పెట్టె ఎంత ఎత్తైనా పోవచ్చు. అమరిక నచ్చకపోతే పెట్టె మార్చొచ్చు. శిల్పం చుట్టూ జనం తిరిగే రోజులు పోయి, జనం చుట్టూ శిల్పం లేచింది.

అలా లేచిన గోడల్లో మొదటిది ఆ వెన్నెల తోటలోనే జనం చూశారు. ‘స్కై కథీడ్రల్’ అన్న పేరుతో ఉన్న 1958 నాటి గోడ ఇప్పుడు న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది: ఎత్తు దాదాపు 3.4 మీటర్లు, వెడల్పు 3 మీటర్ల పైన, మందం అరమీటరు లోపు. మ్యూజియం దాన్ని కొనలేదు. శిల్పి చెల్లెలు, ఆమె భర్త బెన్ మిల్డ్‌వాఫ్ కలిసి కానుకగా ఇచ్చారు. అక్కడ దీపాలు బాగా వెలుగుతుంటాయి, కోళ్లు, గుబ్బలు, నగిషీ అంచులు చదువుకోవడానికి వీలుగా. చదువుకోవచ్చు, కానీ నాకెప్పుడూ ఒక అసంతృప్తి. మసక వెలుగు కోసం తయారైన దాన్ని పట్టపగట్లో నిలబెట్టి చూస్తున్నాం.

1958 జనవరిలో అలా కాదు. కళ్లు అలవాటుపడ్డ మీరు ఇప్పుడు గదిలో స్వేచ్ఛగా తిరుగుతున్నారు. ఏ గోడకు ఆ గోడ వేరేగా చూడటం మానేశారు. కుడివైపు ఒక స్తంభం, ఎడమవైపు పెట్టెల వరస, వెనక ఇంకో వరస. మీ సొంత నీడ ఒక పెట్టెలోకి పోయి అందులోని నీడలతో కలిసిపోతుంది. ఫోటోగ్రాఫర్లు ఈ గది కోసం వస్తారు, ‘లైఫ్’ పత్రిక కూడా వస్తుంది. శిల్పి, కవి హాన్స్ ఆర్ప్ వస్తాడు, చూసి కవిత రాస్తాడు. జర్మన్ కళాకారుడు కర్ట్ ష్విటర్స్ ఈమెకు తెలియకుండానే ఈమె తాతయ్యాడని అందులో అంటాడు. మాట సరైనదే. హనోవర్‌లో ష్విటర్స్ దొరికిన సామానుతో తన ఇంటి గదుల్నే శిల్పంగా మార్చుకుంటూ పోయాడు. 1943లో బాంబులు పడి అదంతా బూడిదయింది. తాతకు బాంబులు, మనవరాలికి బుల్‌డోజర్లు.

బుల్‌డోజర్లన్నది అలంకారం కాదు. ఆమెకు కొయ్యనిచ్చిన కూల్చివేతల జాబితాలోకి 30వ వీధి కూడా ఎక్కింది. ఆ ఇల్లు ఖాళీ చేయక తప్పలేదు. 1958లోనే దిగువ మన్‌హాటన్‌లో, ఇటలీ వాళ్ల పేటకు ఆనుకుని, 29 స్ప్రింగ్ స్ట్రీట్‌కు మారింది. 1988లో పోయేదాకా అదే చోటు. పాత ఇల్లున్న స్థలంలో వాస్తుశిల్పి ఐ.ఎం. పే నమూనాతో కిప్స్ బే ప్లాజా లేచింది. రెండు ఎత్తైన కాంక్రీటు భవనాలు. కింద నుంచి పై దాకా ఒకే కొలత కిటికీలు, ఒక్కో కిటికీ దాని గూట్లో లోపలికి నొక్కి పెట్టినట్టుంటుంది. పే ఆమెను తలుచుకుని కట్టలేదు. వీధిలో నిలబడి చూసేవాడికి మాత్రం ఒక చిరునవ్వు తప్పదు.

1959 డిసెంబర్. మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో క్యూరేటర్ డొరతీ మిల్లర్ ‘సిక్స్‌టీన్ అమెరికన్స్’ అన్న ప్రదర్శన పెట్టింది. అందులో పాల్గొన్న కళాకారుల వయసులు చూడండి: ఫ్రాంక్ స్టెల్లాకు 23, జాస్పర్ జాన్స్‌కు 29, రాషెన్‌బర్గ్‌కు 34. నెవెల్సన్‌కు 60. అందరూ ఆమె నల్లగోడ కోసం ఎదురుచూస్తూ గదిలోకి అడుగుపెడతారు.

గది తెల్లగా ఉంది. గోడలే కాదు, అన్నీ. ‘డాన్స్ వెడ్డింగ్ ఫీస్ట్’, వేకువ పెళ్లివిందు. పెట్టెల్తో కట్టిన ప్రార్థనా మందిరాలు, నిలబడిన స్తంభాలు, పైకప్పు నుంచి వేలాడే స్తంభాలు, పెళ్లి కేకు, అద్దం, తలగడ, పెట్టె. మధ్యలో వధువూ వరుడూ, వాళ్లూ కొయ్యలే. నలుపులో నీడా వస్తువూ ఒకటైపోయాయి కదా, ఇక్కడ రెండూ విడిపోతాయి. తెలుపు మీద ప్రతి నీడా బూడిదరంగు గీతలా పడుతుంది. కోడు కోడుగానే కనిపిస్తుంది, కుర్చీ కాలు మళ్లీ కుర్చీ కాలవుతుంది. వస్తువులకు పేర్లు తిరిగొచ్చేస్తాయి. నాకు ఇందులో కొంచెం ముద్దు ఎక్కువనిపిస్తుంది, నలుపులోని మొండితనం లేదు. కానీ ఈ తెల్లగది లేకపోతే నలుపు ఆ నల్ల గోడల్లో ఏం చేస్తోందో మనకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

ఆ గది మొత్తం ఎవరో ఒకరు కొని ఒకచోటే ఉంచుతారని ఆమె ఆశపడింది. ఎవరూ ముందుకు రాలేదు. ప్రదర్శన ముగిసింది, పెళ్లివిందు విడిపోయింది. కొన్ని భాగాలు అమ్ముడయ్యాయి, కొన్నింటిని ఆమే మళ్లీ విప్పి వాడుకుంది. 1962లో వెనిస్ బియెనాలేలో అమెరికా మంటపంలో నలుపు, తెలుపు, బంగారు రంగుల్లో గదులు అమర్చినప్పుడు, తెల్లగదిలో ఆ పాత విందు ముక్కలు కనిపించాయి. పెద్ద మ్యూజియంలో చూపించిన పనైనా ఆమెకు పనికొచ్చే కొయ్యే.

మిగిలినవి చెదిరిపోయాయి. ఒక తెల్లటి పెట్టెలో అయిదు మెట్ల కోళ్లు వరసగా నిలబడ్డది మిన్నియాపొలిస్‌లోని వాకర్ ఆర్ట్ సెంటర్‌లో ఉంది. ఒక ప్రార్థనా మందిరం న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఉంది. 2007లో న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియం ఆ ఊరూ ఈ ఊరూ అడిగి, వీలైనన్ని భాగాల్ని అరువు తెచ్చి మళ్లీ ఒకే గదిలో నిలబెట్టింది. గది పూర్తిగా నిండలేదు, పాత ఫోటోల్లో ఉన్నవన్నీ దొరకలేదు. అయినా దాదాపు యాభై ఏళ్ల తర్వాత వధువు పక్కన వరుడు నిలబడ్డాడు. ప్రదర్శన అయ్యాక ఎవరి పెట్టెలు వాళ్లు సర్దుకుని తీసుకుపోయారు.